శుక్రవారం రేటు

లఫాయెలే బోర్డు మీద నిన్నటి అంకెను తడిగుడ్డతో తుడిచి, ఆ చోటు ఖాళీగా ఉంచాడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫిజీ డాలర్ల రేట్లు పొద్దున్నే కాగితం మీద వచ్చేస్తాయి. టోంగా వాళ్ళ పాంగా ఒక్కటే రాదు, దానికి ఫోను చెయ్యాలి. సమోవాలో, ఆపియా రేవు వీధిలోని ఈ చిన్న డబ్బు మార్పిడి కొట్టులో ముప్పై ఏళ్ళుగా ఆ ఫోను చేసేది అతనే.

పొట్టి మనిషి. లుంగీ లాంటి, జేబులున్న బూడిదరంగు లవలవాను పొట్ట కింద బిగించి కట్టుకుంటాడు. కుడిచేతి బొటనవేలి గోరులో సుద్ద ఇంకిపోయి, స్నానం చేసినా వదలదు. మోకాళ్ళు నొప్పి కాబట్టి ముక్కాలిపీట ఎక్కేటప్పుడు పీటనే తిడతాడు.

అతని సొరుగులో పొడుగాటి పుస్తకాలు ఐదున్నాయి. ఒక పాంగాకు మా సమోవా టాలాలు ఎన్నో, రోజుకొక వరుస. మొదట్లో ఒకటికి కాస్త పైన ఉండేది. తరవాత మా టాలా చతికిలబడి దాదాపు రెండు దాకా పోయింది. మళ్ళీ మెల్లగా కోలుకుంది. కూతురు పుట్టిన రోజు ఏ అంకో, భార్య పోయిన రోజు ఏ అంకో తేదీ చూడకుండా చెబుతాడు. ఆ పుస్తకాలు రాయమని అతనికి ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఒక్కసారైనా తెరిచి చూడలేదు.

అందులో శుక్రవారాలన్నీ ఎంగిలివే. సముద్రం మీద ఎవరో గీసిన తేదీ గీత వల్ల టోంగా మాకన్నా ఒకరోజు ముందుంటుంది. మా శుక్రవారం వాళ్ళకు శనివారం, కొట్టు కట్టేస్తారు. అందుకని లఫాయెలే ప్రతి శుక్రవారం గురువారపు అంకెనే మళ్ళీ రాసుకుంటాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాపం కొట్టు లెక్కల్లో టోంగా తేదీలే ఎక్కించేశాడు. తనిఖీకి వచ్చినాయన, "రేపటి రేటు ఇవాళే తెలిసిందంటే నువ్వు మామూలోడివి కాదయ్యా, నా చెయ్యి కూడా చూసి చెప్పు" అని కొట్టులో అందరినీ నవ్వించాడు.

ఇప్పుడా గీతను జరిపేశారు. ఇవాళ గురువారం, డిసెంబరు ఇరవై తొమ్మిది. తెల్లారితే శనివారం, ముప్పై ఒకటి. మధ్య శుక్రవారాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. ఇకనుంచి టోంగాకీ మాకూ ఒకటే రోజు, ఒకటే తేదీ. ఊళ్ళో అందరూ పోయిన రోజుకు జీతం ఇస్తారా లేదా అని మాట్లాడుకుంటుంటే, లఫాయెలే మాత్రం ఇక శుక్రవారం కూడా ఫోను చెయ్యొచ్చని సంబరపడ్డాడు.

పది గంటలకు ఫోను చేశాడు.

"ఎవరూ, నిన్నటి మనిషేనా?" అంది అవతల, ముప్పై ఏళ్ళుగా టోంగా కొట్టు నుంచి రేటు చెప్పే కలొలైనె.

"నిన్నటి మనిషినే. రేపటి దొరసానిగారు నిద్ర లేచారా?"

"లేచి, వండి, తిని, నీ కోసం చెవులు కాయలు కాసేలా కూర్చున్నా. మీ సమోవా వాళ్ళకు తెల్లారేలోగా మాకు జుట్టు నెరుస్తుంది."

"రేటు చెప్పు తల్లీ."

"ఒకటీ ముప్పై ఆరు. రాసుకున్నావా? సరే గానీ, ఆరో తారీకు గుర్తుందా? మన మొదటి శుక్రవారం. ఆ రోజు మన మధ్య బేరాలు వద్దు. ముప్పై ఏళ్ళు అంకెలే చెప్పించుకున్నావు, ఆ రోజు మాత్రం అంకె చెప్పను."

"మరేం చెబుతావు?"

"ఆ రోజే వింటావులే. అంత ఆత్రంగా ఉంటే ముందు నువ్వు చెప్పు."

లఫాయెలే గభాలున సుద్దముక్క అందుకున్నాడు. "జనం వచ్చారు, పెట్టేస్తున్నా" అన్నాడు. కిటికీ ముందు ఎవరూ లేరు.

అతనికి ఆమె అంటే ఇష్టం. ఆ సంగతి తనతో తాను కూడా ఈ మధ్యనే ఒప్పుకున్నాడు. ఎప్పుడూ చూసింది లేదు. మొగుడు పోయాడని తెలుసు, దగ్గుకు ముందు ఒక క్షణం ఆగుతుందని తెలుసు. పొడుగో పొట్టో తెలియదు. అడగడానికి మొహమాటం. ఆ శుక్రవారం అడగాలి, టోంగాకు రానా అని కూడా అడగాలి, అనుకుంటూ బోర్డు మీద 1.36 రాశాడు. ఎప్పటికన్నా పెద్దగా రాశాడు.

మధ్యాహ్నం ఉడకబెట్టిన టారో దుంప కొబ్బరిపాలలో ముంచుకు తిన్నాడు. పెళ్ళికి కానుకగా చాపలు పట్టుకొచ్చిన ఒక టోంగా ముసలమ్మకు పాంగాలను టాలాలు చేసి ఇచ్చాడు. "పొద్దున్నుంచీ నీలో నువ్వే నవ్వుకుంటున్నావు, ఏం నాయనా, తాగావా?" అని ఆవిడ అడిగింది.

మూడింటికి ఫోను మోగింది. ఆ వేళప్పుడు అది ఎన్నడూ మోగదు.

"లఫాయెలే గారేనా అండీ? నేను ఫూసీని, కలొలైనె చెల్లెల్ని. మీకు చెప్పాలని చేశాను. మీతో మాట్లాడి ఫోను పెట్టిందట. అరగంటకు కుర్చీలోనే ఒరిగిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్క దక్కలేదండీ."

లఫాయెలే ముక్కాలిపీట దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"రేపు, శనివారం మట్టి చేస్తాం. మీకూ రేపు శనివారమేగా?"

"అవునమ్మా, మాకూ శనివారమే" అన్నాడు. ఏడుపు వస్తుందేమోనని మింగుకున్నాడు, ఆగలేదు, వచ్చేసింది. ఆమె అవతల ఓపిగ్గా ఉంది. కళ్ళు తుడుచుకుని అడిగాడు. "అమ్మా, మీ అక్క పొడుగా?"

"పొడుగేనండీ. మా ఇంట్లో ఆడవాళ్ళలో అక్కే పొడుగు. ఇప్పుడు అక్క కొట్లోనే ఉన్నాను, సామాను సర్దుదామని వచ్చా. పనిలో కూర్చుంటే చెప్పులు విడిచేసే అలవాటు దానికి. కంగారులో వట్టికాళ్ళతోనే తీసుకెళ్ళిపోయారు."

అవి ఎలా ఉన్నాయో చెప్పమన్నాడు లఫాయెలే. ఆమె వంగి చూసి చెప్పింది: మగవాళ్ళ కొలతంత పెద్దవి, నీలం రబ్బరు చెప్పులు, ఎడమదాని పట్టీ తెగితే కొబ్బరి పీచుతో ముడేసుకుంది, రెండూ బల్ల కింద పక్కపక్కనే ఉన్నాయి.