తలకిందులుగా చూసిన చీటీ

కంపెనీల వాళ్ళు ఆయన్ని లిపి మాస్టారు అనేవారు. ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు గానీ, తల నెరిసిన డైరెక్టర్లను వరసగా కూర్చోబెట్టి పరీక్ష రాయించేవాడు కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. గీతల్లేని తెల్లకాగితం, అందరికీ ఒకే రకం పెన్ను. పొద్దున లేచినప్పటి నుంచి ఇక్కడికి వచ్చేదాకా ఏం చేశారో అరపేజీ రాయాలి, సంతకం పెట్టకూడదు. అదే పరీక్ష. కాగితాల వెనక అంకెలు వేసి, బోర్డు రూములోని పొడవాటి బల్ల మీద తలకిందులుగా పరిచేవాడు.

ఆ తలకిందులే ఆయన కిటుకు. మాటలు కంటబడితే మనసు వాటి వెంట పోతుందనీ, మనిషి మాటల్లో అబద్ధమాడగలడు గానీ అక్షరాల్లో ఆడలేడనీ ఆయన నమ్మకం. అందుకే ఎవరు ఏం రాశారో ఎన్నడూ చదవడు. అక్షరం వాలు చూస్తాడు, మాటకూ మాటకూ మధ్య ఎడం చూస్తాడు, కాగితం వెనక్కి తిప్పి పెన్ను ఎంత నొక్కిందో వేలితో తడుముతాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది ఉందని చెప్పగల మొనగాడు ఏ కంపెనీలోనూ దొరకలేదు.

ఇంట్లో భార్య అసలే ఎదురు చెప్పే మనిషి కాదు. చెప్పాలనుకున్నది చీటీ మీద రాసి టీ డబ్బా కింద పెట్టేది. 'వాన వచ్చేట్టుంది, గొడుగు మరిచిపోకండి', 'నిన్న మీరన్నదానికి నాకింకా కోపం పోలేదు', ఇలా. పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటు అది. మూడు నెలలుగా టీ డబ్బా కింద ఏమీ ఉండటం లేదు.

అందుకు కారణం చివరి చీటీ. చూడబోతే బజారు నుంచి తేవలసిన సామాన్ల జాబితా. గుండ్రంగా, విశాలంగా రాసే మనిషి ఆ రోజు ఆవగింజంత అక్షరాలు రాసింది. వరస చివరికి వచ్చేసరికి అవీ చిక్కిపోయి చీమల బారులా ఉన్నాయి. మాస్టారు దాన్ని అందుకుంటూనే తలకిందులు చేశాడు. వృత్తి దోషం, పుట్టుకతో వచ్చిన బుద్ధి కన్నా గట్టిది. భూతద్దం తెచ్చి, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి, ఆమె ముందు పెట్టాడు.

"ఇలా ముడుచుకుపోయి రాసేవాళ్ళు ఏదో దాస్తారు. నా దగ్గరా దాపరికం? ఏంటది? ఎవరి కోసం?"

ఆ చివరి రెండు మాటలూ అనకుండా ఉండవలసింది. ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"చదివారా?" అని మాత్రం అడిగింది.

"చదివాను కాబట్టే అడుగుతున్నా."

ఆ తర్వాత ఆమె నెలకు రెండుసార్లు ఎక్కడికో వెళ్ళి వచ్చేది. ఎక్కడికని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి చేజారిపోతోందని లోపల కుమిలిపోతూనే, పైకి మాత్రం బింకంగా తిరిగాడు. రోజూ పొద్దున్నే టీ డబ్బా ఎత్తి చూసుకునేవాడు. ఆ సంగతి ఆమెకు తెలియనిచ్చేవాడు కాదు.

అలాంటి రోజుల్లో ఒక యంత్రాల కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఛైర్మన్ దిగిపోతున్నాడు. ఐదుగురు డైరెక్టర్లలో పగ్గాలు ఎవరికివ్వాలో తేల్చుకోలేక, అందరి ముందూ అక్షరాలు చూసి చెప్పమన్నాడు. మాస్టారు కాగితాలు పరిచాడు. ఒకటో నంబరు తొందర మనిషన్నాడు, రెండో నంబరు పొగడ్తకు లొంగుతాడన్నాడు, మూడో నంబరు పరవాలేదన్నాడు. నాలుగో కాగితం దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. ఆవగింజంత అక్షరాలు, చివరికి చిక్కిపోయిన వరసలు. మూడు నెలల కడుపుమంట ఒక్కసారిగా పైకొచ్చింది.

"ఈయన చేతికి మాత్రం ఇవ్వకండి. కట్టుకున్న మనిషి దగ్గర కూడా దాచే రకం."

బల్ల చివర నుంచి ఫ్యాక్టరీ డైరెక్టరు నెమ్మదిగా లేచాడు. కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

"నాలుగు నాదేనండి. మీ అందరి దగ్గరా దాచిన మాట నిజమే. నాకు వణుకుడు జబ్బు. కొందరికి చెయ్యి వణకడానికి ముందే రాత చిన్నదైపోతుందట. ఈ పదవి నాకొద్దని చెబుదామనే వచ్చాను." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "కానీ మాస్టారూ, ఆ కాగితంలో మాత్రం దాచలేదు. ఒక్కసారి ఇటు తిప్పి చదవండి."

మాస్టారు కాగితాన్ని తిప్పాడు. 'పొద్దున నా చొక్కా బొత్తాలు మా ఆవిడే పెట్టింది. రెండు నెలలుగా తనే పెడుతోంది' అని మొదలైంది.

"జబ్బని మీకెలా తెలిసింది?" అన్నాడు.

"నాకేం తెలుసండీ! మా ఆవిడ నా రాత చూసి, పద డాక్టరు దగ్గరికి అంది. అంతే."

అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. ఐదో కాగితం అలా బల్ల మీదే ఉండిపోయింది. మాస్టారు సంచీ కూడా మరిచిపోయి ఇంటికి పరిగెత్తాడు.

చెప్పులైనా విడవకుండా బీరువా తెరిచాడు. భార్య చీటీని 'దాపరికం' అని పేరు పెట్టిన ఫైల్లో, నలుగురికీ చూపించడానికి పనికొస్తుందని దాచుకున్నాడు. బయటికి తీసి నిటారుగా పట్టుకున్నాడు.

'టీ పొడి. చక్కెర. నాకు లేసులు లేని బూట్లు. రెండు పిడులున్న కప్పు. లావుపాటి పెన్ను, సన్నది జారిపోతోంది. ఏమండీ, చెయ్యి నా మాట వినడం లేదు. భయంగా ఉంది. సాయంత్రం నాతో డాక్టరు దగ్గరికి వస్తారా?'

'భయంగా' అన్న మాట చుట్టూ ఆయన గీసిన ఎర్ర సున్నా ఉంది. పక్కనే ఆయన చేత్తోనే, 'ఇక్కడ మరీ ముడుచుకుంది, గమనించాలి' అని రాసి ఉంది.

వంటింట్లో ఆమె కప్పును రెండు చేతులతో పట్టుకుని టీ తాగుతోంది. కప్పుకు రెండు పిడులున్నాయి. ఎప్పుడు కొనుక్కుందో ఆయనకు తెలియదు. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె చీటీ వంక చూసింది, తర్వాత ఆయన వంక.

"డాక్టరు... ఏమన్నాడు?"

"మందులిచ్చాడు. రోజూ ఒక పేజీ పెద్ద పెద్ద అక్షరాలతో రాయమన్నాడు. అలా రాస్తుంటే చెయ్యి కొన్నాళ్ళు మాట వింటుందట."

"రాస్తున్నావా?"

"లేదండీ." ఆమె కప్పు కింద పెట్టడానికి చాలాసేపు పట్టింది. "ఆ రోజు చదివానన్నారుగా. చదివి కూడా రాలేదనుకున్నాను. ఇంకెవరికని రాయను?"