పదకొండు శనివారాలు

ఉత్తరం తెలుగులో ఉంది కాబట్టి ఆ ఇంట్లో దాన్ని చదవగలిగింది కాసులమ్మ ఒక్కతే. ఆమె భర్త పట్టాభి కలకత్తా గార్డెన్ రీచ్‌లోనే పుట్టి హిందీ బడిలో చదివినవాడు. పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చుగాని అక్షరాలు రావు. సోంపేటలో ఎనిమిదో తరగతి దాకా చదివి, పెళ్ళయి కలకత్తా వచ్చిన కాసులమ్మే ముప్ఫయ్యేళ్ళుగా ఆ ఇంటికొచ్చే ఉత్తరాలు చదివి పెడుతోంది.

"ఏటి రాసుంది?" అన్నాడు పట్టాభి, భుజానికి నూనె రాసుకుంటూ.

"ఆగు మావా, సదవనీ."

పగలు డాక్‌లో క్రేన్ నడిపి, శనివారం సాయంత్రాలు పార్క్ స్ట్రీట్‌లో ఒక రెస్టారెంటులో డ్రమ్ములు వాయిస్తూ ఇంగ్లీషు రాక్ పాటలు పాడేవాడతను. యాభై ఎనిమిదో ఏట భుజం మొరాయించింది. ఇక వాయించనన్నాడు. పేటలోని క్లబ్బువాళ్ళు ఆదివారం సన్మానం పెట్టారు. అభిమానుల ఉత్తరాలన్నీ అక్కడ చదువుతారు. ఈ తెలుగు ఉత్తరాన్ని మాత్రం బౌదీయే, అంటే వదినగారే చదివి, బెంగాలీలో చెప్పాలని సెక్రటరీ కబురు పెట్టాడు.

రాసినామె పేరు పున్నమ్మ. ఆ రెస్టారెంటు వంటింట్లో గ్లాసులు కడుగుతుందట, ఇరవై ఎనిమిదేళ్ళుగా. అలాంటి తెలుగు మనిషి అక్కడ ఉన్నట్టు మొగుడు ఒక్కసారైనా అనలేదే అనుకుంది కాసులమ్మ. అనుమానం అక్కడ మొదలైంది.

"బాబూ, నాను వంటింటి తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి మిమ్మల్ని సూసేదాన్ని. పాట మజ్జిన మీరు ఊపిరి తీసుకున్నప్పుడు ఎడం సెయ్యి ఒక్కటే ఆడతాది. అప్పుడు నాను గ్లాసు తిప్పుతాను. మీ దెబ్బకే నా సెయ్యి నడిసింది. ఎనబై మూడులో మాగమాసం నుంచి పదకొండు శనివారాలు మీరు రానేదు. ఇంకెవుడో వాయించినాడు. ఆ పదకొండు వారాల్లో తొమ్మిది గ్లాసులు బద్దలు కొట్టినాను."

చివరి ముక్కలు కాసులమ్మ రెండుసార్లు చదివింది. ఎనభై మూడు ఆమెకు బాగా గుర్తు. చిన్నది కడుపులో ఉంది. అతను ప్రతి శనివారం చొక్కా ఇస్త్రీ చేసుకుని, డ్రమ్ము కర్రలు సంచీలో పెట్టుకుని వెళ్ళాడు. ఒక్క వారమైనా మానలేదు.

"ఎనబై మూడులో పార్క్ స్ట్రీట్ మానీసి ఎక్కడికెల్లినావు మావా?"

నూనె గిన్నెలో చెయ్యి ఆగింది. "ఎక్కడికెల్తాను. వాయించడానికే."

"పదకొండు వారాలు నువ్వు రానేదని రాసింది."

"గ్లాసులు కడుక్కునే మనిసికేటి తెలుసు. నెక్క తప్పుంటాది."

"నువ్వు ఊపిరెక్కడ తీస్తావో తప్పనేదు. వారాల నెక్క తప్పుతాదేటి?"

"అప్పుడు యూనియన్ మీటింగులుండేవి."

"ఇస్త్రీ సొక్కా ఏసుకోని, డ్రమ్ము కర్రలట్టుకోని యూనియన్‌కా?"

పట్టాభి నూనె గిన్నె పక్కకు జరిపాడు. "ఆ ముక్క సబలో సదవకు కాసులూ."

ఆ మాటతో ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. ఆదివారం దాకా, అతను స్నానానికి వెళ్ళినప్పుడల్లా చొక్కా జేబులు తడిమింది. ఇరవయ్యొక్కేళ్ళ కిందటి తప్పు ఇవాళ్టి జేబులో దొరకదని తెలిసే తడిమింది.

సభలో పున్నమ్మ మూడో వరసలో కూర్చుంది. అరవై దాటిన మనిషి, నీళ్ళలో నాని పాలిపోయిన చేతులు. ఆ చేతుల్ని బట్టే పోల్చుకుని కాసులమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఆ పదకొండు వారాలూ ఆయనెక్కడున్నాడో ఎరుగుదువా?"

"నాకేటి తెలుసమ్మా. తలుపుకి ఇవతల మనిసిని. నాకూ సెప్పకుండా మానీసినాడని ఇప్పటికీ కోపమే."

ఆ కోపంలో దొంగతనమేమీ కనిపించలేదు కాసులమ్మకు. అయినా ఓ నిమిషం ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

పేరు పిలిచారు. కాసులమ్మ ఉత్తరం మొదట తెలుగులో, తర్వాత బెంగాలీలో చదివింది. పదకొండు వారాల ముక్క దగ్గర తలెత్తి చూసింది. వేదిక మీద దండలతో కూర్చున్న పట్టాభి తన చెప్పులు చూసుకుంటున్నాడు. ఆమె చదివేసింది. తొమ్మిది గ్లాసులకు జనం నవ్వారు. ఆమె మైకు వదల్లేదు.

"సెప్పు మావా. ఆ యమ్మకీ జవాబు కావాల."

పట్టాభి లేచి మైకు అందుకున్నాడు. బెంగాలీ జనానికి అర్థం కాని తెలుగులోనే మాట్లాడాడు.

"ఓనరు నన్ను తీసీసినాడు. కుర్ర గొంతు కావాలన్నాడు. ఇంట్లో సెప్పనేకపోనాను. హౌరా దాటి లిలువా ఎల్లి మనోల బైరాగి బేండు మేలంలో పెల్లిల్లకి వాయించినాను. డోలు మెడకేసుకోని, గుర్రం ముందు నడిసినాను."

"ప్రతి శనివారం పెల్లిల్లుంటాయేటి?"

"పెల్లి నేని శనివారం గంగ ఒడ్డున కూకునేవోన్ని. ఆ కుర్రోడు నిలవక ఓనరే మల్లీ పిలిసినాడు."

సరిగ్గా దానికి ముందు కార్తీకమాసంలోనే కాసులమ్మ చెల్లెలి పెళ్ళయింది. మేళంలో ఒక్క పాటకు వాయించమని కాసులమ్మ తండ్రి అడిగితే, పెళ్ళి డోలు వాయించేవాణ్ణి కాదని పదిమందిలో అనేశాడు పట్టాభి. ఆ ముసలాయన మళ్ళీ రెండేళ్ళు వీళ్ళ గడప తొక్కలేదు. ఇదంతా కట్టుకథ అనుకుందామన్నా, తన గర్వాన్ని ఇలా పున్నమ్మ వింటుండగా చంపుకుని మరీ కట్టేవాడు కాదతను. కాసులమ్మ సగం నమ్మింది.

"బౌదీ, దాదా కీ బోల్లెన్?" ఏమన్నాడని సెక్రటరీ అడిగాడు.

అప్పుడు చెయ్యి బాగోలేక ఇంట్లో ఉన్నాడట, అని కాసులమ్మ బెంగాలీలో చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. రెండు భాషలూ తెలిసిన పున్నమ్మ కొట్టలేదు.

వేదిక దిగాక కాసులమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని ఒక పక్కకు లాగింది.

"బైరాగి పోయినా పెల్లాం అప్పమ్మ ఉంది గదా. రేపు లిలువా ఎల్దాం."

"ఎందుకే?"

"అడుగుతాను."

పట్టాభి మెడలోంచి దండలు తీశాడు. "రేపెందుకు, ఇప్పుడే ఎల్దాం."

వెనక నుంచి పున్నమ్మ చెంగు బిగించుకుంటూ వచ్చింది.

"నానూ వొత్తాను" అంది.