లోపల్నుంచి తెరుచుకోని తలుపు

ఆ ఇంట్లో ఏ నిర్ణయమైనా చెంచాలతోనే జరిగేది. భోజనానికి నలుగురూ వంటింటి బల్ల చుట్టూ చేరినప్పుడు ఎవరో ఒకరు ఒక మాట పెట్టేవారు. ఇష్టమైనవాళ్ళు చెంచా ఎత్తేవారు. మూడు చెంచాలు లేస్తే నాలుగోది కూడా లేచినట్టే లెక్క. ఈ రాజ్యాంగం రాసింది నర్సక్క. వయసులో అందరికన్నా పెద్దది, వార్డులో మూలిగే మనిషిని ఒక్క చూపుతో నోరు మూయించగలది. ఆమె రాసిన రాజ్యాంగానికి సవరణలు చేసే ధైర్యం ఇంట్లో ఎవరికుంటుంది?

ఆ నాలుగో చెంచా ఎప్పుడూ పళ్ళపిల్లదే. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పని కాబట్టి ఆ పేరు. అది విని పక్కింటి ముసలాయన అరటిపళ్ళు డజను ఎంతని అడిగాడు కూడా. ఇంటికి పసుపు రంగు వద్దని ఆమె చెంచా కింద పెడితే గోడలకు పసుపు రంగే పడింది. ఆదివారాలు పడుకోవాలనుకుంటే, ఆదివారాలు ఇల్లు కడగాలని మూడు చెంచాలు లేచాయి. నోట్లో నాలుక లేని పిల్ల అని అందరూ ముద్దుగా అనేవారు. నాలుక లేకపోవడం ముద్దు ఎలా అవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

ఈ వారాంతం వేడినీటి బుగ్గల ప్రాంతానికి కారులో వెళ్దామన్న మాట పెట్టింది నర్సక్కే. బస్సు చెంచా ఎత్తింది. బస్సు అంటే సిటీబస్సు నడిపే డ్రైవరమ్మ. ఆ ఇంట్లో కారున్నది ఆమెకే. లెక్కల టీచరు కూడా ఎత్తింది. పళ్ళపిల్ల చెంచా కంచంలోనే ఉండిపోయింది. శనివారం సాయంత్రంలోగా, వీళ్ళెవరూ వినకుండా ఆమె ఒక ఫోను చేయాలి.

వేరే ఊళ్ళో ఒక ల్యాబు ఉంది. ప్రమాదాల్లో ముఖం దెబ్బతిన్నవాళ్ళకు దవడ, చెవి, ముక్కు అతికినట్టు చేసిపెట్టే ల్యాబు. నాలుగేళ్ళుగా ఒకే రకం దంతాలు పోత పోసి, అరగదీసి, మెరుగుపెట్టిన పిల్లకు అది కలలో కూడా కనపడని పని. ఆమె పంపిన నమూనా చూసి అక్కడి యజమానురాలు రమ్మంది. "శనివారం ల్యాబు మూసేలోగా ఫోన్ చేసి అవునో కాదో చెప్పమ్మా. చెప్పకపోతే సోమవారం ఇంకొకరిని పెట్టుకుంటాను" అంది. అవుననడానికి పిల్లకు ఏ అనుమానమూ లేదు. ఇంట్లో చెప్పడానికే నోరు రాలేదు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో జ్వరంతో మూడు వారాలు మంచం పట్టినప్పుడు, తల తుడిచి, గంజి తాగించి, వాంతులు ఎత్తిపోసింది నర్సక్క. అలాంటి మనిషితో వెళ్ళిపోతానని ఎలా అనడం? ఏరు దాటి తెప్ప తగలేసినట్టు కాదూ? అందుకని ముందు ఫోన్ చేసేసి, తర్వాత ఎప్పుడో, ఎలాగో చెప్పొచ్చనుకుంది. ఆ ఫోను కూడా ఇవాళ, రేపు అంటూ శనివారందాకా నెట్టుకొచ్చింది.

శనివారం పొద్దున కారెక్కగానే నర్సక్క ఒడిలో ఒక స్టీలు డబ్బా కనపడింది. దానికి చిన్న తాళం.

"ఫోన్లు ఇందులో పడేయండి. పోయినసారి సముద్రం చూడ్డానికి వెళ్ళి నలుగురం ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నాం" అంది.

మూడు ఫోన్లు టకటకా పడ్డాయి. నాలుగో ఫోను ఎక్కడికి పోతుంది? అదీ పడింది. గుంపులో గోవిందా.

బస్సుకు తన కారు కూడా బస్సే. వెనక తలుపులకు పిల్లల తాళం ఎప్పుడూ వేసే ఉంచుతుంది. లోపల్నుంచి ఎంత లాగినా రావు, బయటినుంచి ఎవరో తెరవాలి. "ప్రయాణికులు దిగాల్సింది డ్రైవరు దించినప్పుడే" అనేది ఆమె సిద్ధాంతం. కొండ దాటగానే బుగ్గల గంధకం కుళ్ళిన కోడిగుడ్లలా గుప్పుమంది. "తరువాతి స్టాపు, కంపు! దిగేవారు ముక్కులు మూసుకుని ముందుకు రావాలి" అని అరిచింది. అందరూ నవ్వారు. పళ్ళపిల్ల కూడా నవ్వింది.

గేటు దగ్గర టికెట్లిచ్చే మనిషి, కొండకు ఇవతల మొబైల్ సిగ్నల్ ఉండదని, అవసరమైతే తన గదిలో వైరు ఫోను ఉందని చెప్పాడు. పిల్ల ప్రాణం లేచొచ్చింది. కానీ నంబరు తన ఫోన్లో ఉంది. ఫోను డబ్బాలో ఉంది. తాళంచెవి నర్సక్క మెడలో గొలుసుకు ఉంది.

బురద గుంటల మధ్య వేసిన చెక్కబాట మీద నడుస్తూ అడిగింది. "అక్కా, ఒక్కసారి ఫోనివ్వవా? అమ్మతో మాట్లాడాలి."

"నిన్న రాత్రేగా మాట్లాడావు? మీ అమ్మకూ కాస్త విశ్రాంతి ఇవ్వు" అంది నర్సక్క, తిరిగి చూడకుండానే.

బాటకు రెండు వైపులా బూడిదరంగు బురద గంజిలా కుతకుత ఉడుకుతోంది. చెక్క దిగి అడుగేస్తే పైపొర విరుగుతుందని అడుగడుగునా బోర్డులున్నాయి. టీచరు ఒక్కో బోర్డునూ గొంతెత్తి చదివింది. నర్సక్క ముందు, బస్సు వెనక, మధ్యలో పిల్ల. పక్కకు తప్పుకోవడానికి జానెడు చోటు లేదు. ఈ నడక తనకు కొత్త కాదని, నాలుగేళ్ళుగా ఇలాగే నడుస్తున్నానని ఆమెకు అనిపించింది. ఆ పసుపు గోడల మధ్యే, ఎవరో ఎత్తిన చెంచాల కిందే తన జుట్టు నెరిసిపోతుందేమోనని నిజంగా భయం వేసింది.

మధ్యాహ్నం దాటాక డబ్బాల్లో తెచ్చుకున్న అన్నం తినడానికి కారులో కూర్చున్నారు. అంతలో బయటికి పోయే దారి అడ్డంగా పగిలి, ఆవిరి బుస్సున లేచింది. కాపలావాళ్ళు పరుగున వచ్చి ఒక్కో కారునూ తట్టారు. గాలిలో విషవాయువు ఎంతుందో కొలిచేదాకా ఎవరూ దిగొద్దు, అద్దాలు దించొద్దు, జెండా ఊపితే దిగొచ్చు అన్నారు.

అద్దాలు చెమర్చాయి. లోపల ఉక్క, అన్నం వాసన, నలుగురి ఊపిరి. పళ్ళపిల్ల చెయ్యి తనకు తెలియకుండానే తలుపు పిడి మీదికి పోయింది. లాగింది. అది రాదని తెలిసి మళ్ళీ లాగింది.

"ఒంటికా? ఆపుకో" అంది టీచరు జాలిగా.

పొద్దు కొండవైపు వాలుతోంది. అక్కడ ఆ యజమానురాలు గడియారం చూస్తూ ఉంటుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో పిల్లకు ఆ వెనక సీట్లో తెలిసింది.

"పిల్లా," అంది నర్సక్క ముందు సీట్లోంచి. "మన స్నానాల గది అలమరలో, దూది వెనకాల, నా పళ్ళ తొడుగులు కొత్తవి రెండు కనపడ్డాయి."

నర్సక్క నిద్రలో పళ్ళు పటపట కొరుకుతుంది. పళ్ళు అరిగిపోకుండా రాత్రిళ్ళు పెట్టుకోవడానికి తొడుగు చేసిచ్చేది పిల్లే. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, ఆమె గబగబా అంది. "పాతది విరిగితే ఉంటాయనక్కా..."

"పాతది రాయిలా ఉంది. ఎప్పుడు విరిగితే అప్పుడే చేసిచ్చేదానివి. ముందే రెండు చేసి దాచిపెట్టేది ఎవరే? పక్కన ఉండబోనివాళ్ళు." నర్సక్క గొంతు మామూలుగానే ఉంది. "అవి చూసినప్పట్నుంచి చెవులు రిక్కించాను. నువ్వు కుళాయి తిప్పి ఫోను మాట్లాడితే వినపడదనుకున్నావు."

బస్సు స్టీరింగు వదిలి వెనక్కి తిరిగింది. "ఏంటిది? ఎవరు ఎక్కడికి పోతున్నారు?"

ఇంక కక్కక తప్పలేదు. ల్యాబు గురించీ, దవడల గురించీ, ఈ సాయంత్రం గడువు గురించీ పళ్ళపిల్ల అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. "అక్కా, గడువు కూడా విన్నావా?"

"విన్నాను."

"మరి ఈ వారమే ప్రయాణం పెట్టావేం?"

నర్సక్క డబ్బా మూతను చీరకొంగుతో తుడిచింది. "అందుకే పెట్టాను. ఈ ఒక్కరోజు దాటిపోతే ఇంక ఉండిపోతావనుకున్నా. ఆ ఊళ్ళో జ్వరమొస్తే నిన్నెవరు చూస్తారే?"

పళ్ళపిల్లకు ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె గొంతు లేచింది. "నేనేమైనా నీ వార్డులో రోగినా? జ్వరం ఎప్పుడో తగ్గిందక్కా! నువ్వే ఇంకా నన్ను మంచం దిగనివ్వట్లేదు!"

అంటూనే ఏడ్చేసింది. ముందు సీట్లో నర్సక్క భుజాలు ఒక్కసారి కదిలి ఆగాయి.

దూరంగా కాపలామనిషి పచ్చజెండా ఊపాడు. కార్లు కదలవుగానీ, మనుషులు దిగి నడవొచ్చు. టికెట్ల గది చెక్కబాటకు అవతలి కొసన కనపడుతోంది.

పళ్ళపిల్ల ముఖం తుడుచుకుంది. అన్నం డబ్బాలోంచి ప్లాస్టిక్ చెంచా తీసింది.

"నేనొక మాట పెడుతున్నాను" అంది. ఆ పిల్ల మాట పెట్టడం అదే మొదలు. "నేను వెళ్ళాలి." అని చెంచా ఎత్తింది.

టీచరు కాసేపు తన చెంచా వైపు చూసింది. "నువ్వు పోతే నా పక్క మంచం ఖాళీ. నాకు ఒంటరిగా నిద్రపట్టదని తెలుసుగా!" అంటూనే, ముక్కు ఎగబీలుస్తూ ఎత్తింది.

బస్సు దగ్గర చెంచా లేదు. పక్క సీట్లోని నర్సక్కను ఒకసారి చూసి, కారు తాళంచెవి ఊడబెరికి పైకెత్తింది. "స్టాపు వచ్చాక కూడా దించకపోతే నేను డ్రైవర్నెలా అవుతానక్కా?"

మూడయ్యాయి.

నర్సక్క లెక్క చూసుకుంది. మెడలో గొలుసు తీసి డబ్బా తెరిచి, పిల్ల ఫోను చేతికిచ్చింది. తర్వాత దిగి, కారు చుట్టూ నడిచి వచ్చి, బయటినుంచి వెనక తలుపు లాగింది. కంపు, వేడి, గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చాయి.

"పద. మూసేస్తారు" అంది. పిల్ల దిగుతుంటే చెయ్యి పట్టి ఆపింది. "రెండు సరిపోవే. నేను మునుపటికన్నా ఎక్కువ కొరుకుతాను. ఇంకో నాలుగు చేసిపెట్టు."

పళ్ళపిల్ల తల ఊపి పరుగెత్తింది. చెక్కలు దడదడలాడాయి. ఇటూ అటూ బురద ఉడుకుతోంది, ముక్కు మూసుకోవాలని కూడా తోచలేదు. టికెట్ల గది గుమ్మంలో ఒక్కసారి వెనక్కి చూసింది. కంపు లోపలికొస్తోంది తలుపు మూయమని టీచరు కారులోంచి అరుస్తోంది. నర్సక్క వినిపించుకోకుండా తలుపును రెండు చేతులతో తెరిచి పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.