తప్పుకోండి, నిప్పొస్తోంది

డేగే చేసిన నేరం ఒక్కటే. తన కొండచేలో తానే నిప్పు పెట్టుకున్నాడు.

పొద్దు నెత్తికెక్కాక పెట్టాడు. పొగ చెట్ల తలలు దాటిందో లేదో, ఎదురు కొండ మీద శిబిరం వేసుక్కూర్చున్న సైనికులు వైర్‌లెస్ అందుకున్నారు. విమానం వచ్చింది. డేగేని వెదురుచాపలో చుట్టి వాగు దగ్గరికి మోసుకొచ్చారు. ఒక పూర్తి మనిషి బరువు ఆ చాపలో లేదని మోసిన వాళ్ళందరికీ తెలుసు.

అదీ కరెన్ తెగవాళ్ళుండే ఆ కొండల బతుకు. చలికాలంలో నరికి ఎండబెట్టిన పొదల్ని వానలకి ముందు కాల్చాలి. ఆ బూడిదలోనే వరి మొలవాలి. కాల్చకపోతే ఏడాదంతా పస్తు. కాలిస్తే విమానం. పొగ కనబడితే అది తిరుగుబాటుదారుల మకామేనట, పైవాళ్ళు తేల్చేశారు.

సైన్యం ఇళ్ళు తగలబెట్టాక ఊరంతా వాగు పక్క రాతిగుహలో తలదాచుకుంది. డేగేని పూడ్చిన మర్నాడు చుట్టుపక్కల కొండల వాళ్ళు కూడా అక్కడికే వచ్చారు. కుంటి తామ్లా కూతురు మూదా వచ్చినవాళ్ళకి గంజి పోస్తోంది. ఎవరి కళ్ళూ గంజి మీద లేవు, ఆకాశం మీదున్నాయి.

"సరిహద్దు దాటిపోదాం," అన్నాడొకడు.

"దాటి ఏం తింటావురా? అక్కడ నీకు మేనమామ ఉన్నాడా?"

"ఇక్కడ మాత్రం ఏం తింటాం? బాంబులా?"

డేగే పెళ్ళాం లాసే అప్పటిదాకా గోడవైపు తిరిగి కూర్చుంది. ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

"నా మొగుడిదొక్కటే పొగ. అందుకే దొరికాడు. అన్ని కొండలూ ఒక్కసారే అంటిస్తే? విమానంవాడు దేని మీదని వేస్తాడు?"

గుహలో గుసగుసలు లేచాయి. ముసలి తామ్లా చుట్ట తీశాడు నోట్లోంచి.

"ఒక్కరోజే అందరూ కాలిస్తే మంట అడవిలోకి పోకుండా ఎవరు కాస్తారే? ఇవాళ నీ చేనికి నేను, రేపు నా చేనికి నువ్వు. తాతలనాటి నుంచీ అంతేగా."

"ఆడవాళ్ళం కాస్తాం మామా."

"సరే, కాస్తారు. మరి పిలుపో? చేను చుట్టూ నడిచి, పాముకీ ఎలక్కీ తప్పుకోమని చెప్పొద్దూ? ఒకే గడియలో అంటించాలంటే అదంతా ఎప్పుడు చేస్తారు?"

"ఈ ఒక్క ఏడాదికీ ఒక్కచోట నిలబడి పిలుద్దాం నాన్నా," అంది మూదా.

"చెప్పాపెట్టకుండా కాల్చడానికి మనమేమన్నా సైన్యమా?"

కాలిపోయిన బడి పంతులమ్మ ఎక్లూ మెల్లిగా అంది: "అయినా విమానం ఏదో ఒక కొండ మీద వేసే పోతుంది తాతా. ఎవరిదో తెలీదు. ఎవరి మీద పడితే వాళ్ళ చేను ముందు విత్తుదాం. ఆ తర్వాతే మనవి. ఒప్పుకుంటారా?"

ఒక్కొక్కరే చెయ్యెత్తారు. అందరికంటే ఆఖర్న తామ్లా ఎత్తాడు, కూతురి మొహం చూసి.

"పొద్దు నెత్తిమీదికి రాగానే నాన్నా. ఒక్కచోటే నించుని పిలు. నా మీదొట్టు."

"సరేలేవే. ఒట్లెందుకు," అన్నాడు.

అనుకున్న రోజు పొద్దు నెత్తికెక్కేసరికి మూదా తన చేను చివర నిలబడింది. లోయకి అవతల తండ్రి చేను. ఒక్క పిలుపు పిలిచి నిప్పంటించింది. క్షణాల్లో కొండలన్నీ అంటుకున్నాయి. లోయంతా పొగతో నిండి ఎదురుకొండ శిబిరమే కనబడకుండా పోయింది. ఇన్ని నెలల్లో ఆ శిబిరం లేని ఆకాశం చూడటం ఆమెకి అదే మొదలు.

విమానం వచ్చింది. తిరిగింది, మళ్ళీ తిరిగింది. ఏమీ వెయ్యకుండానే చప్పుడు దూరమైపోయింది. పక్క కొండ మీద లాసే చేతులూపుతోంది.

అప్పుడు గాలి తిరిగి పొగ పలచబడింది. మూదా లోయ అవతలికి చూసింది. తండ్రి చేను ఎండుపొదలతో అలాగే ఉంది. దాని అంచున వెదురుటోపీ ఒకటి మెల్లిగా కదులుతోంది. కుంటికాలు ఈడ్చుకుంటూ, ఆగుతూ, పొదల్లోకి వంగి చెబుతూ, మళ్ళీ నడుస్తూ. ముసలాడు చేను చుట్టూ నడుస్తున్నాడు.

"నాన్నా, వద్దు. ఇవాళ్టికి వద్దు," అని అరిచింది. మంట చప్పుడులో ఆ కేక ఆమె చెవికే వినబడలేదు. లోయలోకి దిగి ఎక్కాలంటే సగం పూట. కాళ్ళకింద తన మంట అడవి వైపు పాకుతోంది, దాన్ని వదిలిపోతే ఇంకో రెండు చేలు పోతాయి. పచ్చికొమ్మతో మంటని కొడుతూ, ఏడుస్తూ, అటే చూస్తూ ఉండిపోయింది. ఏం చెయ్యగలదు?

టోపీ చుట్టు పూర్తిచేసి మొదటికొచ్చింది. వంగింది. నల్లటి పొగ ఒక్కటే నిటారుగా లేచింది. మిగతా కొండలప్పటికే బూడిదైపోయాయి.

పోయిన విమానం చప్పుడు తిరిగొచ్చింది.

మర్నాడు సైనికులు కిందికి దిగారు. బూడిద తొక్కుకుంటూ వచ్చి, దొరికిన గాదెల్ని కాల్చారు. విత్తనాలు మాత్రం దొరకలేదు. ఆడవాళ్ళు వాటిని నడుముకి కట్టుకుని అడవిలో పడుకున్నారు.

వాన పడింది. ఒప్పుకున్న మాట ప్రకారం అన్ని కొండల వాళ్ళూ తామ్లా చేనికే వచ్చారు. మొగవాళ్ళు ముందు నడుస్తూ కర్రలతో నేల పొడిచారు. ఆడవాళ్ళు వెనకే ఆ గుంటల్లో గింజలు వేశారు. తామ్లాని మింగిన బాంబు గుంత దగ్గర వరస రెండుగా చీలి మళ్ళీ కలిసింది. గుంత అంచున ముంగిస పిల్లలు రెండు, తల్లి వెనక పరిగెత్తి పోయాయి. ముసలాడి మాట విన్నవే అయ్యుంటాయి.

మూదా వాటిని చూసింది. నడుం నిలబెట్టి ఎదురు కొండవైపు తిరిగింది. అక్కడ శిబిరంలో దుర్భిణీ అద్దం తళుక్కుమంది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, తండ్రి పిలిచే యాసలోనే పిలిచింది:

"ఓయ్, కొండ మీదున్నవాళ్ళూ, తప్పుకోండి. నిప్పొస్తోంది. పిల్లల్ని తీసుకుని తప్పుకోండి."

"కాల్చే కాలం అయిపోయింది కదే," అంది లాసే.

"చేను కాల్చే కాలం అయిపోయింది వదినా."

లాసే ఆమె మొహంలోకి చూసింది. చేతిలో గింజలు కొంగులో పోసుకుని తనూ పిలిచింది. పంతులమ్మ పిలిచింది. వరసంతా పిలిచింది. విమానం వస్తుందేమోనని అవతలి కొండ అంచున కాపలా నిలబడ్డ ఊరివాళ్ళు ఆ పిలుపు అందుకున్నారు.

శిబిరం నుంచి తుపాకీ పేలింది. ఎవరికీ తగల్లేదు. అందరూ వంగి మళ్ళీ గింజలు వెయ్యసాగారు.

"విన్నార్లే," అంది మూదా, "మనం చెప్పలేదని అనడానికి లేదు."