ఊడగొట్టే పరీక్ష

ఉద్యోగం ఇంకా రాలేదు. ఊడగొట్టడం మాత్రం ముందే నేర్పారు. ఆ యూనివర్సిటీలో నైపుణ్య పరీక్షంటే అదే. ఎదుట కూర్చున్న పనివాణ్ణి నొప్పించకుండా పనిలోంచి తీసెయ్యాలి. అది గట్టెక్కనివాళ్ళని కంపెనీల ఇంటర్వ్యూల గుమ్మం కూడా తొక్కనివ్వరు.

ఇవాళ పరీక్షకొచ్చిన అమ్మాయి కిందటిసారి గొంతు వణికి తప్పింది. ఇదే ఆఖరి అవకాశం. ఉండేది అక్క ఇంట్లో. "ఇంకెన్నాళ్ళు మరదలా ఈ చదువు?" అని బావ రోజూ నవ్వుతూనే పొడుస్తాడు.

పనివాడి వేషం ఏటా ల్యాబ్ అటెండరుదే. పిల్లలందరికీ బాబాయ్. పొద్దుట్నుంచి ఎంతమంది ఊడగొట్టినా మనిషి హుషారు తగ్గలేదు.

"రా తల్లీ, నువ్వూ ఓ వేటు వెయ్యి. ఇందాక ఒకడు నన్ను తీసెయ్యలేక వాడే ఏడ్చాడు!"

"నవ్వించకు బాబాయ్, అంతా మర్చిపోతా."

తలుపు మూశారు. మార్కులేసే అధికారి పెన్ను తీశాడు. ఆమె బాబాయ్ కళ్ళలోకి సూటిగా చూసి, బట్టీపట్టిన మాటలు అప్పజెప్పింది.

"మిమ్మల్ని కొనసాగించలేకపోతున్నాం. ఇన్నాళ్ళ మీ సేవ మరిచిపోం."

"భేష్! నాకే నిజమనిపించింది," అన్నాడు బాబాయ్.

"నిజమేనయ్యా," అన్నాడు అధికారి తలెత్తకుండా. "నువ్వు పనిచేసే ల్యాబ్ ఎత్తేస్తున్నారు. రేపట్నుంచి రానక్కర్లేదు. నీ మొహం చూసి చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. బాగా చెప్పే పిల్ల దొరికేదాకా ఆగాం."

చూడండి పెద్దమనుషుల పనితనం! తీసేసింది వాళ్ళు, నోరు మాత్రం ఈ పిల్లది.

బాబాయ్ పకపకా నవ్వాడు. "సారు కూడా వేషం కట్టారే!" ఎవరూ నవ్వలేదు. అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆమె దిగ్గున లేచింది. "నాకు తెలీదు సార్! తెలిస్తే అనేదాన్ని కాదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా."

"కూర్చో. పరీక్ష అయిపోలేదు. ఎదుటివాడు అడ్డం తిరిగితే ఎలా నెగ్గుకొస్తావో చూడాలి. సగం మార్కులు దానికే. లేచి వెళ్ళావా, తప్పినట్టే."

తలుపు దగ్గర్లోనే ఉంది, గడియ కూడా వెయ్యలేదు. తీస్తే అవతల బావ నవ్వు.

కూర్చుంది.

బాబాయ్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "నువ్వు చెప్పు తల్లీ. ఈయన మాట నేను నమ్మను. నిజమేనా?"

ఆమె నోరు తెరిచింది. లోపల తిట్లున్నాయి, ఏడుపుంది. బయటికి మాత్రం బట్టీపట్టినదాంట్లో తర్వాతి వాక్యమే వచ్చింది.

"మీ బాధ నాకు అర్థమవుతోందండీ."

గొంతు వణకలేదు. అధికారి పెన్ను కదిలింది.