తడి గోనె

మా పిన్ని చేతిని పంపు లాక్కున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నా చేతిలో నీళ్ళ బకెట్టు ఉంది.

రాళ్ళ గని అడుగున నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. వాటిని తోడి బయట పోసే పెద్ద పంపు గట్టు మీద రేకుల షెడ్డులో ఉంది. అది ఆగితే కింద రాయి కొట్టే పని ఆగుతుంది. అందుకే కాంట్రాక్టరు దాన్ని ఆపనివ్వడు. మోటారూ పంపూ ఒక వరసలో లేవు. రెంటినీ కలిపే ఇనప కడ్డీ, షాఫ్టు, కొట్టుకుంటూ తిరిగేది. దాన్ని మోసే బేరింగు అరిగి, గ్రీజు మాడి నల్లగా కారేది. ఆపి మార్చాలని ఫిట్టరైన మా బాబాయి ఎన్నిసార్లు చెప్పినా కాంట్రాక్టరుది ఒకటే మాట: "కాలితే నీళ్ళు పొయ్యండి."

ఆ నీళ్ళు పొయ్యడానికే ఆడవాళ్ళని పెట్టారు. గోనె తడిపి బేరింగు మీద కప్పాలి, ఆరితే మళ్ళీ తడపాలి. పక్కనే తిరిగే షాఫ్టుకి మూత లేదు. మాటిమాటికీ తీసి పెట్టడం ఎందుకని మేస్త్రి దాన్ని ఊడదీయించి బయట పారేయించాడు.

ఆ రోజు గోనె కొస షాఫ్టుకి చుట్టుకుంది. గోనెతో పాటే పిన్ని చెయ్యీ వెళ్ళింది. ఆమె అరిచేలోపే మోచేతి దాకా పోయింది. నీళ్ళు మోసేవాళ్ళలో అందరికన్నా పెద్దది అవ్వ. ఆమె పరుగెత్తి స్విచ్చి మీద చెయ్యి వేస్తే మేస్త్రి ఆ చేతి మీదే కర్రతో కొట్టాడు.

"ఆపితే కింద మునిగిపోద్దే ముసలీ! ముందు దాన్ని లాగండి!"

లాగాం. పిన్ని వచ్చింది. చెయ్యి రాలేదు.

ఆమెని బండిలో ఆసుపత్రికి పంపి, నెత్తురు కడిగించి, మేస్త్రి నా వైపు తిరిగాడు.

"ఏయ్ పిల్లా, రేపటి నుంచి దాని చోట్లో నువ్వు."

సాయంత్రం మా ఇళ్ళ వరస ముందు అందరూ కూడారు. నేను గుమ్మంలోనే కూర్చున్నాను.

బేరింగు మార్చేదాకా పంపు ఆపేద్దామంది అవ్వ. రాళ్ళు కొట్టేవాళ్ళ తరఫున బక్కోడు లేచాడు. పేరుకే బక్కోడు, నిలబడితే తలుపు నిండిపోతాడు.

"పంపు ఆపుతామంటే మా నోట్లో మట్టి కొట్టినట్టే. మాకు కూలి ఎవడిస్తాడు అవ్వా, నీ మొగుడా?"

"ఆయన పోయి చానాళ్ళయిందిరా. కావాలంటే పైకెళ్ళి అడిగిరా," అంది అవ్వ.

నవ్వారు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన బాబాయి లేచేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన చొక్కా మీద పిన్ని నెత్తురు ఇంకా అలాగే ఉంది.

"కాలే బేరింగు మీద చల్లనీళ్ళు పోస్తే పై పెంకు బిగుసుకుని లోపలి గుండ్లు ఇంకా నలుగుతాయి. బతికిస్తున్నాం అనుకుంటూ దాన్ని చంపుతున్నాం. పంపు అమ్మినవాళ్ళు ఈ మాట కాంట్రాక్టరుకి నా ముందే చెప్పారు. ఒక్క పూట ఆపితే తీరే పని. ఆపకపోతే ఏదో రోజు షాఫ్టు విరుగుద్ది. అప్పుడు కింద ఎవరుంటారు బక్కోడా?"

బక్కోడు తల తిప్పి గని వైపు చూశాడు.

"మేమే," అన్నాడు. "పైకి రావడానికి నిచ్చెన ఒక్కటే."

"మీ చావుకి మాచేత నీళ్ళు మోయిస్తున్నాడురా," అంది అవ్వ. "పైగా మా చేతులు కూడా కావాలంట వాడికి."

తెల్లారి ఎవరూ గనిలోకి దిగలేదు, ఎవరూ బకెట్టు ముట్టలేదు. బాబాయి స్విచ్చి దించాడు. షెడ్డులో మోత ఆగితే పిచ్చుకల అరుపు వినిపించింది.

ఆ వెంటనే లారీలో కాంట్రాక్టరు మనుషులు ఇనప పైపులతో దిగారు. మేస్త్రి నా జుట్టు పట్టి షెడ్డులోకి ఈడ్చాడు. తడి గోనె నా చేతిలో కుక్కి మోటారు వేశాడు. నా ముఖం షాఫ్టు వైపు వంచాడు. దాని గాలి నా చెంపకి తగిలింది.

"కప్పవే!"

బాబాయి దూకి స్విచ్చి దించాడు. వెనక నుంచి పైపు ఆయన తల మీద పడింది. పంపు మీదికి ఒరిగిపోయాడు. ఒరిగినవాణ్ణి మళ్ళీ కొట్టారు. నేను గోనె ఆయన తలకి అదిమి పట్టుకున్నాను. నెత్తురు ఆగలేదు. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు.

"చంపేశార్రా!" అని అవ్వ బకెట్టుతో మేస్త్రి ముఖం మీద కొట్టింది. వాడి పళ్ళు రాలాయి. ఆడవాళ్ళంతా బకెట్లతో మీద పడ్డారు. రాళ్ళు కొట్టేవాళ్ళు గునపాలతో వచ్చారు. లారీ అద్దాలు పగిలాయి. దిగినవాళ్ళలో కొందరు పాకుతూ బయటపడ్డారు.

బయట ఇంకా కొట్లాట సాగుతుండగానే బక్కోడు బాబాయి జేబులోంచి స్పానరు తీశాడు. మోటారునీ పంపునీ కలిపే చోట బోల్టులు ఉంటాయి. ఏడుస్తూనే ఒక్కొక్కటీ విప్పి, ఎదురైన ప్రతి చేతిలోనూ పెట్టాడు. నా చేతిలోనూ ఒకటి పెట్టి వేళ్ళు మూశాడు.

పోలీసులు వచ్చారు. బాబాయిని చంపినవాళ్ళని దాటుకుని వచ్చి మరీ మమ్మల్ని కొట్టారు. కాంట్రాక్టరు తనే స్విచ్చి వేశాడు. మోటారు ఒక్కటే గిర్రున తిరిగింది. పంపు ఉలకలేదు, పలకలేదు.

"బోల్టులేవి?"

పిడికిళ్ళు బిగించాం. బక్కోణ్ణి మోకాళ్ళ మీద కొట్టి పడేశారు. అవ్వ పెదవి చిట్లింది. తర్వాత నా పిడికిలి మీద లాఠీ పడింది. రెండో దెబ్బకి వేలు విరిగింది. అయినా విప్పలేదు.

"ఏం కావాలే మీకు?" అన్నాడు కాంట్రాక్టరు.

"కొత్త బేరింగు," అన్నాను. నా గొంతేనా అనిపించింది. "షాఫ్టుకి మూత. మా బాబాయిని చంపినవాళ్ళకి సంకెళ్ళు."

అవ్వ నెత్తురు ఉమ్మి అదే మాట అంది. నేల మీద నుంచి బక్కోడు అన్నాడు. ఆ తర్వాత ఎవరు ముందన్నారో, ఎవరు వెనకన్నారో తెలియలేదు.

మమ్మల్ని వ్యానులోకి తోశారు. కింద గనిలో నీళ్ళు కాంట్రాక్టరు రాళ్ళు పగలగొట్టే మిషను చక్రాలు దాటి పైకి వస్తున్నాయి. వాడు గట్టు అంచున నిలబడి "ఎవరైనా పంపు వెయ్యండ్రా!" అని కేకలు పెడుతున్నాడు. మిగిలినవాళ్ళు షెడ్డు గుమ్మానికి అడ్డంగా ఒకరి పక్కన ఒకరు కూర్చుంటున్నారు.