ఒకే తొట్టి దగ్గర పనిచేసిన ఇద్దరు

ఆర్వల్ ట్వైట్ చేతులు వణకడం మొదలైన ఏడాది, నార్త్ డకోటాలోని ఆ చిన్న ఊళ్లో మగవాళ్లంతా ఉన్నట్టుండి జుట్టు పెంచేశారు. ఊరికంతటికీ సెలూన్ అతనిదొక్కటే. వేరే ఊరు వెళ్తే అతని మనసు నొచ్చుకుంటుంది, అతని దగ్గరికొస్తే చెవి తెగుతుంది. ఎటూ తేల్చుకోలేక టోపీలు పెట్టుకు తిరిగేవారు. ఆర్వల్‌కి అన్నీ అర్థమయ్యేవి. పొద్దున్నే తలుపు తీసి, కుర్చీ తుడిచి, అందులో తనే కూర్చునేవాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం పాత స్నేహితుడు లైల్ బ్రెక్కీని వాళ్లమ్మాయి మారిట్ చెయ్యి పట్టుకుని సెలూన్‌కి తీసుకొచ్చింది. కుర్రతనంలో వైమానిక దళంలో ఆర్వల్, లైల్ ఒకే తొట్టి దగ్గర పనిచేశారు. విమానాల ఇంజన్ భాగాలను గ్రీజు వదలగొట్టే ద్రావకంలో ముంచి కడగడం వాళ్ల పని. అది తియ్యటి వాసన వేసేది. చేతి తొడుగులు అడిగితే సార్జెంటు నవ్వాడు. పని అయ్యాక అదే ద్రావకంతో చేతులు కూడా కడుక్కునేవారు.

లైల్ కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ముఖంలో కదలిక లేదు. మాట మాత్రం పాతదే.

“గడ్డం గీయరా.”

“నా చెయ్యి చూశావా?”

“నీ చెయ్యి ఊగుద్ది, నా తల ఊగుద్ది. రెండూ కలిసి ఊగితే గొడవే లేదు. కానియ్.”

ఎన్నో నెలల తర్వాత ఆర్వల్ నవ్వాడు. నురగ పూసి, ఊపిరి బిగబట్టి గీశాడు. ఒక చెంప బాగానే వచ్చింది. రెండోవైపు దవడ దగ్గర తెగి నురగ ఎర్రబడింది. లైల్ ఉలిక్కిపడనైనా లేదు.

“తొందరగా కానియ్యరా. సోల్వే ఇంటి దగ్గర నాకోసం చూస్తా ఉంటది.”

లైల్ భార్య సోల్వే పోయి చాలా ఏళ్లయింది. మారిట్ తల దించుకుంది.

“చూడనీలే. పెళ్లికొడుకులా వెళ్తే ఏమీ అనదు,” అన్నాడు ఆర్వల్. రేజరు మారిట్ చేతికిచ్చాడు. మిగతా చెంప ఆమే గీసింది. ఆ సాయంత్రం మూసిన సెలూన్ అతను మళ్లీ తెరవలేదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం మారిట్ ఫోన్ చేసింది.

“బాబాయ్, నాన్న పోయారు. పరీక్షలకి మెదడు ఇస్తారా అని డాక్టర్లు అడుగుతున్నారు. ఇవాళే చెప్పాలట. తల కోస్తారంటే నాకు మనసొప్పట్లేదు.”

ఆర్వల్ ఫోను రెండో చేతికి మార్చుకున్నాడు.

“బతికుండగా మమ్మల్ని ఎవరూ అడగలేదమ్మా, ఏం ముట్టుకున్నారు, ఏం పీల్చారు అని. ఇప్పటికైనా అడుగుతున్నారు. ఇచ్చెయ్.”

ఆమె ఏడ్చింది. ఇచ్చింది.

వేసవిలో వచ్చి ఫలితం చెప్పింది. వణుకుడు జబ్బేనని తేలింది. ఆ ద్రావకం వల్లే వచ్చిందని మాత్రం ఒక్క మెదడు చూసి చెప్పలేమన్నారట.

“అయితే నాదీ తీసుకోమను,” అన్నాడు ఆర్వల్.

“అలా మాట్లాడకండి బాబాయ్.”

“కోపంతో అనట్లేదమ్మా. అడుగు.”

కాఫీ కప్పు ఎత్తబోతే సగం ఒంటిమీద ఒలికింది. మారిట్ కప్పు అందుకుని అతని పెదవుల దగ్గర పట్టుకుంది. అతను తాగాడు.

“సరే, అడుగుతాను,” అంది.